తొలిరోజు ఊరిది

పరాయి దేశపు నగరంలో దిగిన కుటుంబం తొలిరోజును ఎలా గడపాలి? టూర్ ఏజెంట్లు చేతికిచ్చే కార్యక్రమాల్లో దీనికి ఒకటే జవాబు ఉంటుంది. హోటల్లో సామాను పెట్టి, స్నానాలు ముగించి, ఆ ఊళ్లో అన్నిటికంటే పేరుమోసిన కట్టడం దగ్గరికి బయల్దేరాలి. ఇస్తాంబుల్ అయితే అయా సోఫియా, దానికెదురుగా నీలి మసీదు, ఆ తర్వాత తోప్కాపి రాజప్రాసాదం. ఈ వరస తప్పని నా నమ్మకం. తొలిరోజు కుటుంబం అద్భుతాల జోలికి పోకుండా, ఆ ఊరివాళ్లు రోజూ చేసే పనులు చేయాలి. రొట్టె కొనుక్కోవాలి, పడవెక్కాలి, దారి అడగాలి, బజారులో ధరలు కనుక్కోవాలి. చూడటానికి తర్వాతి రోజులున్నాయి. తొలిరోజు ఆ ఊళ్లో మసలడం నేర్చుకోవడానికి.

ముందు ఒంటి సంగతి. ఇస్తాంబుల్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ ఆరింటికి లేచే అలవాటున్న మనిషికి అక్కడ మూడున్నరకే మెలకువ వచ్చేస్తుంది. రాత్రి ఎనిమిదికల్లా పిల్లలు తూలిపోతారు, వాళ్ల ఒంటికి అది పదిన్నర కాబట్టి. మనిషి లోపలి గడియారం 24 గంటల కంటే కాస్త నిదానంగా తిరుగుతుంది. అందువల్ల తూర్పుకి పోయినవాళ్ల కంటే పడమటికి పోయినవాళ్లు తేలిగ్గా సర్దుకుంటారు. అయినా ఆ సర్దుబాటు ఒక్కరోజులో తెమిలేది కాదు. చీకటితోనే లేచి కూర్చున్న కుటుంబానికి రాజప్రాసాదం తలుపు తీయదు. ఆ వేళకు మేలుకుని ఉండేవి రొట్టెల బట్టీలు, నువ్వులద్దిన సిమిత్ రొట్టెలు అమ్మే బళ్లు, ఆ తర్వాత పనికి పోయేవాళ్లను ఎక్కించుకునే తొలి పడవలు. ఒళ్లు చురుగ్గా ఉన్న గంటల్లో ఊరి నిత్యజీవితం ఎదురుగా ఉంటుంది. దాన్ని వదిలేసి, ఒళ్లు సోలే వేళ గోపురం కింద మెడలెత్తి నిలబడటం మన కార్యక్రమాల్లోని పెద్ద లోపం.

అసలు అయా సోఫియా లాంటి కట్టడం ఊరు తెలియని కళ్లకు సరిగా కనిపించదు. 537లో చర్చిగా పూర్తయింది, 1453లో మసీదయింది, 1935లో మ్యూజియంగా తెరిచారు, 2020లో మళ్లీ మసీదుగా మార్చారు. ఒకే కప్పు కింద మేరీమాత మొజాయిక్ చిత్రం, అరబ్బీ అక్షరాలు రాసిన పెద్ద గుండ్రటి ఫలకాలు ఉన్నాయి. 2024 నుంచి విదేశీ సందర్శకులకు 25 యూరోల టికెట్ పెట్టి, పై అంతస్తు నుంచి చూడనిస్తున్నారు. కింద నమాజు చేసుకునేవాళ్లు, పైన చూసేవాళ్లు. మసీదులో మామూలు రోజున ఏం జరుగుతుందో తెలియని పిల్లవాడికి ఆ పైనుంచి కనిపించేది ఎత్తు మాత్రమే. అంతకుముందే సందులోని చిన్న మసీదుకు వెళ్లి ఉంటే సంగతి వేరు. బయట కుళాయిల దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కునేవాళ్లను చూసి, నమాజు లేని వేళ మన ఆడవాళ్లు తల కప్పుకుని, ఇంటిల్లిపాదీ చెప్పులు విప్పి తివాచీ మీద కాసేపు కూర్చుంటారు. చెప్పులు విప్పి గుడిలోకి పోయే మనకు ఆ గడప పూర్తిగా పరాయిది కాదు. ఆ పరిచయంతో మర్నాడు అయా సోఫియాకు వెళితే, ప్రార్థన మారినా మనిషి అదే నేలను పదిహేను శతాబ్దాలుగా ఎలా వాడుకుంటున్నాడన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది.

ఊరంటే దాని నిత్యజీవితం కూడా అనడానికి ఆ ఊరివాడే సాక్ష్యం చెబుతాడు. 17వ శతాబ్దపు మహా యాత్రికుడు ఎవ్లియా చెలెబి తన పది సంపుటాల యాత్రాగ్రంథంలో మొదటి సంపుటాన్ని సొంతూరు ఇస్తాంబుల్‌కే ఇచ్చాడు. అందులో మసీదులున్నాయి, సుల్తానులున్నారు. వాటితోపాటు రొట్టెలు కాల్చేవాళ్లు, కసాయివాళ్లు, రకరకాల చేతిపనులవాళ్లు సుల్తాను ఎదుట ఊరేగిన వర్ణన ఎంతో విస్తారంగా ఉంది. మన ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్లి రాసిన యాత్రాచరిత్రలో గుళ్లతోపాటు మజిలీల్లో నీళ్ల వసతి, అంగళ్లు, దొరికే సరుకులు అంతే శ్రద్ధగా ఉంటాయి. పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకుని ప్రయాణించిన మనిషికి ఊరంటే ముందు నీళ్లూ తిండీ. కుటుంబంతో వెళ్లేవాళ్లకు నేటికీ అంతే.

కుటుంబం అన్న మాట దగ్గరే నా వాదానికి అసలు బలం ఉంది. ఇంట్లో అందరి స్థానాలూ ఏనాడో ఖాయమైపోయి ఉంటాయి. దారీ డబ్బూ నాన్నవి, తిండీ మందులూ అమ్మవి, పిల్లలు వెంట నడుస్తారు, నాన్నమ్మను ఎవరూ ఏదీ అడగరు. పరాయి ఊరు ఒక్కపూట ఈ ఏర్పాటును చెదరగొడుతుంది. టర్కీ భాషకు 1928లో రోమన్ లిపి వచ్చింది కనుక, బడిలో ఇంగ్లీషు చదివే పిల్ల రేవులోని బోర్డు మీద ఎమినోను, కడికోయ్ అన్న రేవుల పేర్లు కూడబలుక్కుంటుంది. నాన్న కూడా చేయగలిగింది అంతే, అర్థం ఇద్దరికీ తెలియదు. ఎమినోను రేవు దగ్గరే 17వ శతాబ్దం నాటి మసాలా బజారు ఉంది. అక్షరం పోల్చుకోలేని నాన్నమ్మ అక్కడ వాసన పట్టి జీలకర్ర ఏదో, పసుపు ఏదో, మిరపకాయ ఏపాటి ఘాటో చెబుతుంది. ఎర్ర మైసూరు పప్పుతో కాచే సూపు చిన్న చిన్న హోటళ్లలో కూడా దొరుకుతుంది గానీ, కొన్నిచోట్ల దాన్ని మాంసం ఉడికిన నీళ్లతో చేస్తారు. శాకాహారులుంటే అడిగి తీరాలి, ఆ అడగడానికి ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పని కుర్రాడే ముందుకు రావచ్చు. ఇలా ఒకరికి తెలిసింది ఇంకొకరికి అవసరమవుతుంది. గైడు వెనక నడిచే గుంపులో ఇందుకు చోటుండదు. అక్కడ తెలిసినవాడు గైడు ఒక్కడే. నాన్న టికెట్లు లెక్కపెడతాడు, అమ్మ పిల్లల్ని లెక్కపెడుతుంది, మిగతావాళ్లు వింటారు. ఇల్లు వదిలి వేల మైళ్లు వచ్చినా ఇంట్లో ఉన్న వరసే అక్కడా నడుస్తుంది.

నా వాదం మీద వచ్చే అభ్యంతరాల్లో మొదటిది డబ్బు. ఏళ్ల తరబడి కూడబెట్టి, వీసాకీ విమానానికీ అంత ఖర్చుపెట్టి వచ్చింది రొట్టె కొనడానికా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మూడే రోజులున్నవాళ్లకు ఒక రోజంటే మూడోవంతు. అయినా నేను అడిగేది కట్టడాలను మానేయమని కాదు, వరస మార్చమని. పైగా ఆ ఊరి మామూలుతనం ఇంకెక్కడా దొరకదు. ఇటు ఎమినోను యూరప్‌లో, అటు కడికోయ్ ఆసియాలో. మధ్య పడవ ప్రయాణం ఇరవై నిమిషాల పైచిలుకు. ఆ రెంటినీ విడదీసే బాస్ఫరస్ జలసంధి మీద 1973లో వంతెన వచ్చింది, 2013లో సముద్రం అడుగున రైలు వచ్చింది. అయినా జనం ఈనాటికీ ఈ పడవల్లో టీ తాగుతూ పనులకు పోతున్నారు. రెండు ఖండాల మధ్య సిటీ బస్సు టికెట్ లాంటి టికెట్‌తో దాటడం ఏ మ్యూజియం టికెట్‌కూ దొరకదు.

ఇంకొక అభ్యంతరం ఇంతకంటే లోతైనది: పనికి పోయేవాళ్లనూ ప్రార్థన చేసేవాళ్లనూ చూడటానికి వెళ్లడమంటే సాటి మనుషుల్ని ప్రదర్శనకు పెట్టడం కాదా? అవుతుంది, కెమెరా పట్టుకుని అంచున నిలబడితే. నేను చెప్పేది చూడటం కాదు, చేయడం. వాళ్ల పడవకు మనమూ కార్డు తాకించి ఎక్కాలి, వాళ్ల క్యూలో మన వంతు వచ్చేదాకా ఆగాలి, పెద్దవాళ్లు ఎక్కితే లేచి చోటివ్వాలి. పొద్దున్నే పనికి పోయేవాళ్ల రద్దీలో సామానుతో, పిల్లలతో దారి మూయడం తప్పే. గంట ఆగితే పడవ ఖాళీ అవుతుంది. ముసలివాళ్లు అలిసిపోతారన్న భయానికి కూడా ఇందులోనే జవాబుంది. తోప్కాపిలో ఒక ముంగిలి దాటి ఇంకో ముంగిలికి నడుస్తూనే ఉండాలి. పడవలో కూర్చోవచ్చు. నాన్నమ్మ మోకాళ్లను దృష్టిలో పెట్టుకుని చూసినా తొలిరోజుకు పడవే మేలు.