రోగి సేవ ఒక్కరి పనేనా?



మీ ఇంట్లోనో, మీ వాడలోనో మంచం పట్టిన మనిషి ఒకరు ఉండే ఉంటారు. పక్షవాతం వచ్చిన నాన్న, తుంటి విరిగిన అమ్మమ్మ, క్యాన్సర్‌తో ఉన్న అన్న. ఆసుపత్రి వాళ్లు కొన్నాళ్లు ఉంచుకుని "ఇక ఇంటి దగ్గర చూసుకోండి" అంటారు. ఆ చూసుకోవడం ఏళ్ల తరబడి సాగుతుంది. రోగి ఎలా ఉన్నాడని అందరం అడుగుతాం. చూసుకునే మనిషి ఎలా ఉందని అడుగుతున్నామా?

మా అమ్మ మూడేళ్లు మంచంలో ఉన్నప్పుడు నేనూ అడగలేదు. ఇంట్లో ఉంది కాబట్టి మనవల మాటలు వింటూ, అలవాటైన తిండి తింటూ అమ్మ కాస్త తేరుకుంది. ఆ మేలు నిజం. కానీ రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. అర్ధరాత్రయినా తిప్పాల్సిందే. తిప్పింది నా భార్య. నేను ఊళ్లు తిరిగి సభల్లో కరుణ గురించి మాట్లాడాను. అమ్మ పోయాక మా ఆవిడకు నడుంనొప్పి మిగిలింది, నిద్ర పోయింది. మిషన్ కుట్టుకునేది, ఆ గిరాకీ అంతా పోయింది. "అత్త రుణం తీర్చుకుంది" అని చుట్టాలు మెచ్చుకుంటే నేనూ తలూపాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

వినయపిటకం మహావగ్గలో ఒక సంఘటన ఉంది. బాబాసాహెబ్ కూడా దాన్ని 'బుద్ధుడు - ఆయన ధమ్మము'లో చెప్పారు. కడుపుజబ్బుతో ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. అతనివల్ల తమకు ఉపయోగం లేదని తోటివారు వదిలేశారు. బుద్ధుడు నీళ్లు తెప్పించాడు. ఆయన పోస్తుంటే ఆనందుడు కడిగాడు. తలవైపు ఆయన, కాళ్లవైపు ఆనందుడు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు.

ఈ కథ చెప్పి మనం బుద్ధుడి కరుణ దగ్గరే ఆగిపోతాం. ఇంకొంచెం చూడండి. బుద్ధుడు కూడా ఒక్కడే ఎత్తలేదు. రెండోవైపు ఇంకో మనిషి ఉన్నాడు. అంతటితో ఊరుకోక సంఘాన్ని పిలిచాడు. ఇక్కడ మీకు తల్లీదండ్రీ లేరు, మీరే ఒకరినొకరు చూసుకోవాలన్నాడు. చూసే దిక్కులేని రోగిని సంఘమే చూడాలని, చూడకపోతే తప్పని నియమం పెట్టాడు. రోగికీ బాధ్యత చెప్పాడు: మందు వేసుకోవాలి, బాధను ఉన్నదున్నట్టు చెప్పాలి. చనిపోయిన భిక్షువు పాత్రనూ చీవరాలనూ అతణ్ణి చూసుకున్నవారికే ఇప్పించాడు. అంటే సేవ చేసినవారికి హక్కు కూడా ఉంది. మన ఇళ్లలో ఆస్తి పంచేటప్పుడు కోడలి సేవ, కూతురి సేవ ఎవరికైనా గుర్తొస్తుందా?

"ఏం చేస్తాం, ఆమె కర్మ" అంటాం. ఏ కర్మ? పూర్వజన్మ పాపం పేరు చెప్పే కదా మనల్ని ఊరి బయట ఉంచారు! ఆ మాటను బాబాసాహెబ్ కొట్టిపారేశారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలమందితో ధమ్మంలోకి నడిచారు. ఆ దారిలో నడుస్తున్నామనుకునే మనం, బయటికి తోసిన కర్మను దొడ్డిదారిన తెచ్చి ఇంటి ఆడమనిషి నెత్తిన పెడుతున్నాం. పాకీపనిని ఒక కులానికి అంటగట్టడం అన్యాయమని కొట్లాడుతున్నాం. ఇంట్లో అదే పనిని ఒక్క మనిషికి అంటగడితే న్యాయమెలా అవుతుంది?

చూసుకునే మనిషికి విసుగు రావడం పాపం కాదు. గడ మీద ఆడే గురుశిష్యుల కథ సంయుత్త నికాయంలో ఉంది. తనను కాపాడుకుంటే ఎదుటివారినీ కాపాడినట్టేనని, ఎదుటివారిని కాపాడితే తననూ కాపాడుకున్నట్టేనని బుద్ధుడు అక్కడ చెప్పాడు. ఆమె కంటినిండా పడుకోవడం కూడా రోగి సేవే.

అందుకే మగవాళ్లం పక్క తిప్పడం, ఒళ్లు తుడవడం నేర్చుకుందాం. అన్నదమ్ములు రాత్రులు వంతులేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి 2024 నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. అర్హత ఉండీ రానివారికి కాగితాలు రాసిపెడదాం.

ఈ ఆదివారం వందన అయ్యాక అలాంటి ఒక ఇంటికి వెళ్లండి. పండ్లు ఇచ్చేసి వచ్చేయకండి. "ఈ రాత్రి నేనుంటా, నువ్వు పడుకో చెల్లీ" అనండి. మంచం రెండోవైపు ఖాళీగా ఉంది. అక్కడ నిలబడండి.

జైభీమ్. నమో బుద్ధాయ.