ఈల ఊదకముందు

"ఎవరి సైకిలురా అది?"

మూడేళ్ల కిందట సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా అమ్మ నన్నడిగిన మొదటి మాట ఇది. బాగున్నావా అని కాదు, ఎప్పుడు బయల్దేరావని కాదు. విజయవాడ నుంచి అరవై కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చాను. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అమ్మ నా ముఖం చూళ్లా. సన్నటి చక్రాల ఆ రోడ్డు సైకిలు వంకే చూసింది. బ్యాంకులో పనిచేసే స్నేహితుడు ఇచ్చాడని చెప్పాను.

"మనోడేనా?"

"కాదు."

"అయితే ఇచ్చేసిరా అయ్యా. ఈ రోజు ఎక్కుతావు. రేపు మాట పడతావు."

అమ్మ మాట వెనక ఒక పాత చీర ఉంది. నేను పుట్టకముందు ఆసామి భార్య అమ్మకి ఒక పాత చీర ఇచ్చింది. ఆ చీర రెండేళ్లకే పీలికలైంది. దాని బాకీ మాత్రం ఇరవయ్యేళ్లు తీరలా. వాళ్లింట్లో పెళ్లయినా, చావయినా, గొడ్ల చావిడి ఊడవాలన్నా, పేడ ఎత్తాలన్నా అమ్మే పోవాలి. కూలి లేదు. ఒక్కనాడు ఒంట్లో బాగాలేదంటే, "నీ ఒంటిమీద గుడ్డ ఎవరిచ్చిందే?" అని నలుగురిలో అడిగేది. దయ అనే మాటకి మా పల్లెలో అర్థం ఇదే. చేతిలో పడేటప్పుడు తేలికగా ఉంటుంది. మెడకి చుట్టుకున్నాక తెలుస్తుంది బరువు.

అందుకే మా అమ్మ నీతి ఒక్కటే. వాళ్ల దగ్గర ఏమీ తీసుకోవద్దు. ఆ నీతి మా అమ్మని కాపాడింది, కాదన్ను. కానీ నాకొక ప్రశ్న మిగిలిపోయింది. తల వంచకుండా సాయం తీసుకోవడం సాధ్యమేనా? ఈ దేశంలో మాలాంటివాళ్లకి అది ఎట్లా సాధ్యం? ఈ ప్రశ్న నన్ను పుస్తకాల్లో కంటే నీళ్లలో, సైకిలు మీద, పరుగులో ఎక్కువ వేధించింది.

నేను ట్రయాథ్లాన్ పోటీల్లో పాల్గొంటాను. చాలామందికి ఈ మాటే కొత్త. ముందు ఈత, వెంటనే సైకిలు, వెంటనే పరుగు, మధ్యలో ఆగకుండా. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొదటిసారి చేర్చారు. నేను చేసేది అందులో చిన్నది. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. పతకాలొచ్చే బాపతు కాదు నేను. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నలభై దాటినవాణ్ణి.

పరుగు మాకు కొత్త కాదు. సైకిలూ కొత్త కాదు. నీళ్లే.

నాకు ఎనిమిదేళ్లప్పుడు వేసవిలో మా ఊరి మంచినీళ్ల చెరువులోకి మోకాళ్ల లోతు దిగాను. ఊరి పిల్లలు ఈదుతున్నారు, నాకూ ఈదాలనిపించింది. అంతే. ఆ సాయంత్రం నాన్నని రచ్చబండ దగ్గరికి పిలిపించారు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. తప్పు కట్టమన్నారు. కట్టాడు. ఇంటికొచ్చి నన్ను కొట్టలా. కొట్టుంటే బాగుండేది. అమ్మ మాత్రం నా చేత ఒట్టు వేయించుకుంది. "నీళ్ల జోలికి పోమాక." ముప్పయ్యేళ్లు ఆ ఒట్టు నిలబెట్టాను. హాస్టల్లో తోటి పిల్లలు కాలవలో దూకుతుంటే గట్టు మీద వాళ్ల చొక్కాలకి కాపలా ఉండేవాణ్ణి. పిరికివాణ్ణన్నారు. నా పిరికితనం పుట్టిన చోటు వాళ్లకి తెలీదు.

నీళ్లు ఎవరివి అనే తగాదా ఈ దేశంలో చిన్నది కాదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకుని తాగితే, తర్వాత ఆ చెరువుని శుద్ధి చేసుకున్నారు. కారంచేడులో గొడవ మొదలైందీ మంచినీళ్ల చెరువు దగ్గరే. తాగే నీళ్లు మురికి చెయ్యొద్దన్నందుకు 1985 జులై 17న మాదిగపల్లె మీద పడి మనుషుల్ని వేటాడి చంపారు. అప్పటికి నాకు మూడేళ్లు. మా నాన్న తప్పు కట్టి బతికొచ్చాడంటే ఎందుకు సంతోషించాలో పెద్దయ్యాక తెలిసింది.

ముప్పై ఎనిమిదో ఏట కృష్ణలో దిగాను. దింపింది హాస్టల్ మిత్రుడు. మా పల్లెవాడే. ఆర్టీసీలో కండక్టరు. "ఇంకెన్నాళ్లురా గట్టు మీద?" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. రేవులో ఈత నేర్పే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. తరతరాలుగా చేపలు పట్టే కుటుంబం. నా కడుపు కింద అరచెయ్యి పెట్టి, "ఒళ్లు వదిలెయ్, నది మోస్తది" అన్నాడు. వదల్లేకపోయాను. మూడు వారాలు వదల్లేకపోయాను. ఆయన చెయ్యి తియ్యలా. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసే అక్క ఒకామె రోజూ అక్కడికొచ్చేది. నేను నీళ్లు మింగి దగ్గుతుంటే వీపు రాసేది. బ్యాంకు మిత్రుడు పరిచయమయిందీ ఆ రేవులోనే. వాడిది పేరున్న కులం, పొలాలున్న కుటుంబం. వాడి దగ్గర రెండు సైకిళ్లుంటే ఒకటి నాకిచ్చాడు. తెల్లారుజామున ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా కరకట్ట వెంట తొక్కేవాళ్లం. ఆ సైకిలు మీదే ఊరెళ్లి, అమ్మ చేత ఆ మాట అనిపించుకున్నాను.

అమ్మ అన్నట్టే అయింది. పోయిన ఏడాది ఒక పోటీ అయ్యాక పదిమందిమీ టిఫిన్ దగ్గర కూచున్నాం. కొత్తవాళ్లకి నన్ను పరిచయం చేస్తూ వాడు నవ్వుతూ అన్నాడు: "వీడెక్కే సైకిలు నాదే. వీణ్ణి మనిషిని చేసింది నేనే." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేనెందుకు నవ్వానా అని ఇప్పటికీ సిగ్గుపడతాను. ఇడ్లీ గొంతు దిగలా.

మర్నాడు సైకిలు శుభ్రంగా తుడిచి వాడి గేటు దగ్గర పెట్టి వచ్చేశాను. ఫోను చేస్తే ఎత్తలా. ఇరవై రోజుల తర్వాత రేవుకే వచ్చి నిలదీశాడు. చీర కథ చెప్పాను.

"నేను ఆ ఉద్దేశంతో అన్లేదు."

"మా అమ్మకి చీరిచ్చినావిడా ఆ ఉద్దేశంతో ఇచ్చి ఉండదులే."

వాడికి కోపమొచ్చింది. నన్ను వాళ్లతో పోలుస్తావా అని అరిచాడు, వెళ్లిపోయాడు. అయిపోయిందనుకున్నాను. వారానికి మళ్లీ వచ్చాడు. క్షమాపణ చెప్పలా. "నువ్వన్నది రెండ్రోజులు నచ్చలేదు. తర్వాత ఇంకా నచ్చలేదు, నిజం కాబట్టి" అన్నాడు. పాత సైకిలు మళ్లీ ఇస్తాననలా. వాడికి తెలిసిన కొట్టులో వాడకపు సైకిలు ఒకటి ఉందనీ, వాయిదాల మీద ఇస్తారనీ చెప్పాడు. పది వాయిదాలకి కొన్నాను. కొట్లో వంగి గొలుసు, బ్రేకులు పరీక్ష చేసింది వాడే. చేతులకి అంటిన గ్రీజు నా తువ్వాలుకే తుడిచాడు.

ఆ రోజు నాకు తేడా కొంత తెలిసింది. ఆసామి భార్యతో అమ్మ పోట్లాడలేదు. పోట్లాడితే చీర గుర్తొస్తుంది, తర్వాత పని పోతుంది, తర్వాత ఊరే పోతుంది. నేను వీడితో పోట్లాడాను. పోట్లాడినా నా చోటు నాకుంది, వాడూ తిరిగొచ్చాడు. పోట్లాడే హక్కు లేనిచోట ఇచ్చేది ఏదైనా దయే, ఎంత ప్రేమగా ఇచ్చినా సరే. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్, సౌభ్రాతృత్వం లేకపోతే స్వేచ్ఛా సమానత్వాలు పైపూతగానే మిగిలిపోతాయని హెచ్చరించారు. చదువుకునే రోజుల్లో పరీక్ష కోసం ఈ మాట బట్టీపట్టాను. గ్రీజు తువ్వాలు చూశాక అర్థమయింది.

ఈ చలికాలం మొదటి పోటీ విశాఖలో. నా మొదటి సముద్రం. నలుగురం బ్యాంకు మిత్రుడి కారులో వెళ్లాం. పెట్రోలు ఖర్చు నలుగురం పంచుకున్నాం. దారంతా కండక్టరు టికెట్లు కొడుతున్నట్టు లెక్క చెప్పి నవ్వించాడు. తెల్లవారుజామున ఒడ్డు మీద నిలబడితే ఇసుక చల్లగా ఉంది. నా మోకాళ్లు వణుకుతున్నాయి, చలికి కాదు. అక్క నా భుజం మీద రాసిన నంబరు సరిచూసి, "మునగవులే, మునిగితే నేనున్నా" అంది.

మైకులో నియమాలు చదివారు. పోటీ జరుగుతుండగా బయటివాళ్ల సాయం తీసుకుంటే అనర్హులు. ఈతలో అలసిపోతే పడవ పట్టుకుని ఆగొచ్చు. పట్టుకుని ముందుకి పోకూడదు. న్యాయమైన నియమాలే. కానీ నా చుట్టూ నిలబడ్డవాళ్లని చూశాను. కొందరు ఐదారేళ్ల వయసులోనే శిక్షకుల దగ్గర ఈత నేర్చుకున్నవాళ్లు. కొందరి సైకిలు ఖరీదుకి మా పల్లెలో ఇల్లొస్తుంది. వాళ్ల తప్పని అనను. అవన్నీ సాయం కావా మరి? ఈల ఊదాక తీసుకున్న సాయం నేరం. ఈల ఊదకముందు తీసుకున్న సాయానికి పేరు ప్రతిభ.

మా స్టాఫ్ రూములో ఇరవయ్యేళ్లుగా నేను వింటున్న మాట ఇదే కదా. "మీకేంటి, రిజర్వేషన్ ఉంది." తాత రాసిచ్చిన పొలం, తండ్రి ఇచ్చిన చదువు, మేనమామ ఇప్పించిన ఉద్యోగం, ఇవేవీ సాయం కింద లెక్కకి రావు. అవి ఈలకి ముందే జరిగిపోయాయి. మాకొచ్చింది మాత్రం ఈల తర్వాత వచ్చింది కాబట్టి అందరికీ కనపడుతుంది. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. ఒకరు గిరిజన బిడ్డ, ఒకరు దళిత బిడ్డ. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. ఒక్కసారి ఈలకి ముందు ఆ పిల్లలకి తిండీ, చదువూ, తర్ఫీదూ అందితే ఏమైందో లోకం చూసింది. అది ఎవరి దయా కాదు. తరాల బాకీలో ఒక వాయిదా.

ఈల ఊదారు. ఉరికాను. రెండు వందల మీటర్లు బాగానే పోయాను. అప్పుడొక అల విరుచుకుపడింది, ఎవరి మడమో నా దవడకి తగిలింది. ఉప్పునీళ్లు మింగాను. కాళ్ల కింద నేల లేదు. ఆ క్షణంలో నాకు సముద్రం కనపళ్లా. తలగుడ్డ చంకలో పెట్టుకుని నిలబడ్డ నాన్న కనపడ్డాడు. చెయ్యెత్తాను. చిన్న పడవ వచ్చింది. అంచు పట్టుకుని వేలాడాను. పడవలో కుర్రాడు, "ఊపిరి తీస్కో అన్నా, తొందరేం లేదు" అన్నాడు. నా పేరడగలా, ఊరడగలా. నిమిషమో, రెండు నిమిషాలో. పట్టుకుని ఆగాను. తర్వాత వదిలి నేనే ఈదాను. సాయం ఎట్లా ఉండాలని నన్నడిగితే ఆ పడవలా ఉండాలంటాను. మునగనివ్వదు. మన బదులు పోటీ పూర్తి చెయ్యదు. వదిలేసినప్పుడు అలగదు.

సైకిలు భీమిలి రోడ్డు ఎత్తుపల్లాల మీద. ఒక మలుపు దగ్గర మా కండక్టరు రోడ్డు పక్కన నిలబడి బస్సుని పంపినట్టు చెయ్యి ఊపుతూ "రైట్, రైట్!" అని కేకలు పెట్టాడు. అరవడం మీద నిషేధం లేదు. పరుగులో మూడో కిలోమీటరు దగ్గర బల్ల వేసి ఉంది. ఒక అమ్మాయి గ్లాసు నా చేతికందించింది. ఆమె వేళ్లు నా వేళ్లకి తగిలాయి. మా నాన్న జీవితమంతా ఊళ్లో నీళ్లు దోసిట్లోనే తాగాడు. పైనుంచి ఎత్తి పోసేవాళ్లు, మోచేతుల మీదుగా సగం కారిపోయేవి. నేను ఆ గ్లాసు పెదాలకి ఆనించి తాగాను. పరుగు ఆపి మరీ తాగాను. టైము పోతే పోనీ అనుకున్నా.

చివరి నుంచి నాలుగోవాణ్ణి. అక్క నా నాడి చూసింది, తర్వాతే నవ్వింది. బ్యాంకు మిత్రుడు ఏమీ అన్లా. నా సైకిలు తెచ్చి కారుకి కట్టాడు.

ఇక్కడితో ఆపితే నేను గెలిచినట్టుంటుంది. ఒక తప్పు కూడా చెప్పాలి. ఆదివారాలు మా పేట పిల్లలు నలుగురికి ఆ పెద్దాయనతో కలిసి ఈత నేర్పుతున్నాను. అందులో ఒకడు నెలకే చేపలా తయారయ్యాడు. మొన్న బజార్లో ఎదురుపడి, స్నేహితులతో కబుర్లాడుకుంటూ నన్ను చూసి కూడా పలకరించకుండా పోయాడు. నాకు చివుక్కుమంది. నేర్పినవాణ్ణి, ఒక్క నమస్కారం పెట్టొచ్చు కదా అనుకున్నాను. నాలుగడుగులు వేశాక ఆగిపోయాను. పాత చీర ఈసారి నా చేతిలో ఉంది. ఇచ్చేవాడి కులం ఏదైనా ఆ చీర మొలుస్తూనే ఉంటుంది, చూసుకోకపోతే. ఉద్యమంలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. మనం ఒకరికి దారి చూపించినప్పుడు వాళ్లు మనల్ని దాటి, పలకరించకుండా పోగలిగితే మన పని బాగా జరిగినట్టు. ఆ పిల్లాడు మళ్లీ ఆదివారం వచ్చాడు. నేనేమీ అడగలా.

పోటీ అయ్యాక ఊరెళ్లాను.

"ఎవరి సైకిలురా?"

"నాదేనమ్మా. ఇంకా మూడు వాయిదాలున్నాయి."

అమ్మ సీటు మీద చెయ్యేసి చూసింది. "ఆ బ్యాంకాయన ఏమయ్యాడు?"

"ఉన్నాడు. పోట్లాడుకుంటానే ఉన్నాం."

కాసేపు ఆలోచించింది. "అయితే ఒకసారి అన్నానికి తీసుకురా. మనింట్లో మన కంచంలో తింటాడేమో చూద్దాం."

వాడికి చెప్పాను. వచ్చే ఆదివారం వస్తానన్నాడు. అమ్మ ఏం వండుతుందో నేను చెప్పలేదు, వాడూ అడగలేదు.