కొడుకు తప్పునకు పూటపడుట

(ధ్యాన భాగములు: నిర్గమకాండము 21:28-32, 1 సమూయేలు 3:11-18, ఆదికాండము 44:18-34)



పదునెనిమిదేండ్లు నిండని కుమారుడొకడు త్రాగి, తండ్రి బండి తీసికొనిపోయి, త్రోవను పోవు మనుష్యుని ప్రాణము తీసెననుకొందము. అర్ధరాత్రివేళ ఆ వర్తమానము ఇంటికి వచ్చినది. ఆ తండ్రి చేయవలసినదేమి? కుమారుని దాచవలెనా? అప్పగింపవలెనా? లేక ఎవని భారము వాడే మోసికొనవలెనని చేతులు కడుగుకొనవలెనా?

ఇది ఊరక కల్పించిన ప్రశ్న కాదు. 2024 మే 19వ తేదీన, ఇంకను తెల్లవారకముందే, పూనా పట్టణములోని కల్యాణీనగర్‌లో పదునేడేండ్ల బాలుడు నడిపిన పోర్షె కారు ఒక మోటారు సైకిలును గుద్దెను. దానిమీద పోవుచున్న యువకుడును యువతియు మరణించిరి. ఇద్దరును ఉద్యోగము చేసికొనుచున్న ఇంజనీర్లు. మధ్యప్రదేశ్‌లో వారి తలిదండ్రులున్నారు. ఆ బాలుడు అంతకుముందు స్నేహితులతో కూడ మద్యము త్రాగెనని పోలీసులు చెప్పిరి. కొన్ని గంటలలోనే జువెనైల్ జస్టిస్ బోర్డు అతనికి జామీను ఇచ్చెను. రోడ్డు ప్రమాదములను గూర్చి 300 మాటలలో వ్యాసము వ్రాయవలెననుట ఆ జామీను షరతులలో ఒకటి. దేశమంతట ఆగ్రహము రేగెను. పిమ్మట బోర్డు అతనిని అబ్జర్వేషన్ హోమునకు పంపెను. జూన్ నెలలో బొంబాయి హైకోర్టు విడిపించెను. అతనిని పెద్దవానిగా ఎంచి విచారింపవలెనన్న పోలీసుల మనవిని 2025 జూలైలో బోర్డు త్రోసివేసెను.

అయితే జనుల మనస్సును మరి ఎక్కువగా నొప్పించిన సంగతి వేరొకటి. పరీక్షకు తీసిన బాలుని రక్తమును తొలగించి, దాని స్థానములో తల్లి రక్తమును ఉంచిరన్న అభియోగముమీద తలిదండ్రులును ఇద్దరు వైద్యులును అరెస్టయిరి. నేరము నీ మీద వేసికొనుమని ఇంటి డ్రైవరును నిర్బంధించెనన్న అభియోగముమీద తాతయు అరెస్టయ్యెను. ఈ అభియోగములు నిజమో కావో తేల్చుట న్యాయస్థానము పని. ఆ పీఠముమీద మనము కూర్చుండరాదు. కాని ఆ వార్త చదివిన ప్రతి తండ్రియు తల్లియు తన్ను తాను అడుగుకొనవలసిన మాట యొకటున్నది. నా బిడ్డ విషయములో ఆ అవకాశము నాకు దొరికియుండినయెడల, నేను దానిని వద్దందునా?

జవాబు వెదకుటకు ముందు చట్టము ఏమి చెప్పుచున్నదో తెలిసికొనుట మంచిది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను 21 ఏండ్లు నిండనివారికి మద్యము అమ్మరాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టము 77వ సెక్షను ప్రకారము, వైద్యుని ఆజ్ఞ లేక బాలునికి మద్యమిచ్చిన వానికి ఏడేండ్ల వరకు కఠిన శిక్షయు లక్ష రూపాయల వరకు జరిమానాయు కలుగవచ్చును. ఇది దుకాణదారునికి మాత్రమే చెప్పిన మాట కాదు. పెండ్లింట "మగపిల్లవాడవు, ఒక్క గుక్క త్రాగితే ఏమగును?" అని మేనల్లుని చేతికి గ్లాసు అందించు మేనమామకును చెప్పిన మాటయే. ఇక మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము, నూరు మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యము కనబడిన డ్రైవరుకు మొదటిసారి ఆరు నెలల వరకు జైలుగాని, 10,000 రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

2019లో ఆ చట్టమునకు 199ఏ అను క్రొత్త సెక్షను చేర్చిరి. మైనరు బండి నడిపి నేరము చేసినయెడల అతని సంరక్షకుడుగాని బండి యజమానుడుగాని దోషిగా ఎంచబడును. అతనికి మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఆ పిల్లవానికి 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు దొరకదు.

"ఇదేమి న్యాయము? తండ్రి దోషము కుమారుడును, కుమారుని దోషము తండ్రియు మోయనక్కరలేదని యెహెజ్కేలు ప్రవక్త 18వ అధ్యాయములో బోధించెను గదా" అని మీరు అడుగవచ్చును. ఆ సెక్షనును చివరివరకు చదువుడి. తనకు తెలియకుండ జరిగినదనియైనను, జరుగకుండ తాను చేయవలసిన జాగ్రత్త అంతయు చేసితిననియైనను రుజువు చేసిన తండ్రిని అది విడిచిపెట్టుచున్నది. మోషే ధర్మశాస్త్రములో పొడిచెడు ఎద్దును గూర్చిన విధియు ఇట్టిదే. ఎద్దు అకస్మాత్తుగా ఒకని పొడిచి చంపినయెడల యజమానుడు నిర్దోషి. అది పొడుచునదని ముందే హెచ్చరిక పొందియు కట్టివేయనివాడైతే, ఆ రక్తమునకు అతడే ఉత్తరవాది. మేకుకు తాళపుచెవి తగిలించి, పదునారేండ్లవాడు దానిని తీసికొనిపోవుచుండగా చూచి ఊరకుండిన తండ్రి కొడుకు తప్పునకు శిక్ష పొందుట లేదు. తన తప్పునకే పొందుచున్నాడు. ఏలీ తన కుమారులను గద్దింపకపోలేదు, మాటలతో గద్దించెను. ఎరిగియుండియు అడ్డగింపలేదన్నదే అతనిమీద మోపబడిన నేరము.

అయితే పిల్లవాని విషయములో చట్టము ఎంత మెత్తగా నడుచుకొనునో అదియు తెలిసికొనవలెను. పట్టుబడిన బాలుని లాకప్పులో ఉంచరాదు, జైలుకు పంపరాదు. ఇరువదినాలుగు గంటలలోపల బోర్డు ఎదుట నిలువబెట్టవలెను, తలిదండ్రులకు తెలియజేయవలెను. అతని పేరు పత్రికలలో వేయరాదు. దోషియని తేలినను బోర్డు అతనిని మందలింపవచ్చును, సమాజసేవ చేయింపవచ్చును, లేక మూడేండ్లకు మించకుండ స్పెషల్ హోములో ఉంచవచ్చును. సాధారణముగా ఆ తీర్పు అతని తరువాతి జీవితమునకు అనర్హతగా వెంటబడదు. పదునారేండ్లు నిండినవారిని మాత్రము, ఘోర నేరములలో, పెద్దవారివలె విచారింప వీలున్నది. కనీస శిక్ష ఏడేండ్లుగా ఉన్న నేరములే ఆ తరగతిలోనివని 2020లో సుప్రీంకోర్టు శిల్పా మిత్తల్ కేసులో తీర్పు చెప్పెను. అదియు 2016లో ఢిల్లీలో మైనరు నడిపిన కారు గుద్ది ఒక యువకుడు మరణించిన కేసే. చనిపోయినవాని తోబుట్టువు న్యాయము కోరి అక్కడి వరకు వెళ్లెను. ఆమె కోరినట్లు తీర్పు రాలేదు.

ఇక్కడ మనస్సు కలవరపడును. ఒక ప్రక్కను ప్రాణము పోయినది. మరియొక ప్రక్కను 300 మాటల వ్యాసము. చనిపోయిన బిడ్డ తల్లి ఈ రెంటిని ఏ త్రాసులో తూచుకొనగలదు? ఆమె కోపమును మనము తప్పుపట్టరాదు. అయినను బాలుని యెడల కనికరము చూపు చట్టమును తీసివేయుట దానికి మందు కాదు. ఎదిగీ ఎదుగని మనస్సుతో ఒక రాత్రి చేసిన పనిని బట్టి ఒక జీవితమంతయు పారవేయరాదన్నది మంచి నియమమే. కాని ఆ కనికరము సత్యము మీదనే నిలుచును. ఏమి జరిగినదో ఉన్నదున్నట్లు బోర్డు ఎదుట పెట్టినప్పుడే ఆ పిల్లవానికి ఏ దిద్దుబాటు తగునో వారు నిర్ణయింపగలరు. రక్తము మార్చినచో, సాక్షిని కొన్నచో, అది కనికరమును పొందుట కాదు, దొంగిలించుట. చచ్చినవారికి న్యాయము దక్కదు. బ్రదికిన కొడుకునకు దిద్దుబాటును దక్కదు. డబ్బున్న తండ్రి ఇట్లు చేసిన కొలది, డబ్బు లేని వారి పిల్లలకుకూడ ఆ చట్టము తీసివేయవలెనని జనులు కేకలు వేయుదురు.

యూదా కథను ఈ వెలుగులో మరల చదువుడి. యోసేపును అమ్మివేసిన దినమున అన్నలు మేకపిల్లను చంపి, దాని రక్తములో అంగీని ముంచి తండ్రికి పంపిరి. ఒకరి రక్తమునకు బదులు వేరొక రక్తము చూపి సత్యమును కప్పిరి. ఆ అన్నలలో యూదా ఒకడు. తండ్రి ఏండ్ల తరబడి ఓదార్పు లేక యుండెను. ఆ యూదాయే ఐగుప్తులో బెన్యామీను గోనెలో గిన్నె దొరికినప్పుడు ఏమి చేసెను? గిన్నె దొరకలేదని బొంకలేదు. లంచమీయజూపలేదు. పనివాని మీదికి నేరమును నెట్టలేదు. అధికారి ఎదుట నిలిచి, జరిగినదంతయు వరుసగా చెప్పి, చిన్నవానికై తండ్రియొద్ద పూటపడినవాడను గనుక వానికి బదులు నన్ను దాసునిగా ఉంచుకొనుమని వేడెను. కప్పుటకును పూటపడుటకును గల భేదము ఈ ఒక్కని జీవితములోనే కనబడుచున్నది. కప్పువాడు వెలను ఇతరులమీద వేయును. పూటపడువాడు తానే చెల్లించును.

గనుక ఆ అర్ధరాత్రి తండ్రి చేయవలసినది ఇది. కుమారుని చెయ్యి పట్టుకొని స్టేషనుకు తానే వెంట పోవలెను. కొడుకుచేత ఉన్నమాట చెప్పింపవలెను. తాళపుచెవి తనదైతే తన మాటయు చెప్పవలెను. మంచి వకీలును పెట్టుకొనుట తప్పు కాదు. అబద్ధము కొనుటయే తప్పు. నష్టపరిహారమునకు పొలము అమ్మవలసివచ్చిన అమ్మవలెను. మృతుల ఇంటివారు రానిచ్చినయెడల, క్షమాపణను బేరముగా అడుగక, తలవంచి వారియెదుట నిలువవలెను. కొడుకు హోములోనున్నంత కాలము వారము తప్పక వెళ్లి చూడవలెను. దోషమును పంచుకొనలేడు గాని దాని భారమును పంచుకొనగలడు.

సంఘములోని మనకును ఇందులో పాలున్నది. "మావాడే, కొంచెము చూడండి" అని ఇన్‌స్పెక్టరునొద్దకు సిఫారసు మోయు పెద్దరికము మనకు వద్దు. పెద్దలు మొదట చనిపోయినవారి గడప తొక్కవలెను. పిమ్మట ఆ పిల్లవానియొద్దకు పోవలెను. రెండు ఇండ్లకును పోగలవారే కాపరులు.

క్రొత్త యిల్లు కట్టువాడు ఎవడును పడి చావకుండ మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. పడిన తరువాత ఏడ్చుటకంటె ముందు కట్టుట తేలిక. పదునెనిమిదేండ్లు నిండి లైసెన్సు వచ్చువరకు, ట్యూషనుకైనను గుడికైనను, పిల్లవానికి బండి ఇయ్యకుడి. పెండ్లిలోగాని పండుగలోగాని వాని చేతికి గ్లాసు అందనీయకుడి. "అందరి పిల్లలు నడుపుచున్నారు గదా నాన్నా" అని వాడు అలిగిన అలుగనిండు. ఆ అలుక రెండు దినములుండును. తాళపుచెవి ఈ రాత్రియే మేకు మీదనుండి తీసి పెట్టెలో పెట్టుడి.