రెండవ అంగీ



అమ్ముకొని బ్రతికే వ్యాపారి "నా సరుకు కొనవద్దు" అని చెప్పవచ్చునా? చెప్పితే మనము నమ్మవచ్చునా? చలికోట్లు, రెయిన్‌కోట్లు తయారుచేసే కంపెనీలను ఈ దినములలో ఈ ప్రశ్న వెంటాడుతున్నది. అది మంచుకొండలు ఎక్కేవారి సంగతి గదా, కామాటిపురా చాళ్ళలో ఉండే మనకెందుకు అని కొందరికి తోచవచ్చును. కాని మన పెద్దలు ఆరుబయట పని చేయుటకే ఈ నగరమునకు వచ్చారు. 18వ శతాబ్దపు చివరి నుండి నిజాం రాజ్యపు పల్లెలను విడిచి వచ్చి, ఇక్కడి కట్టడములకు కూలి చేసిన కామాటీల పేరే ఈ పేటకు నిలిచింది. ఎండలో, వానలో పని చేసేవానికి పైబట్ట అలంకారము కాదు, అవసరము.

2005 జూలై 26న శాంతాక్రజ్‌లో ఒక్క దినములో 944 మిల్లీమీటర్ల వర్షము కురిసింది. ఆ ఒక్క వానకు భూతాపమే కారణమని చెప్పలేము. అయితే గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతము ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకొనగలదు గనుక, కురిసినప్పుడు కుండపోతగా కురిసే ప్రమాదము పెరుగుతుంది. కోట్లకు వాడే పాలిస్టర్, నైలాన్ పెట్రోలియం నుండి వస్తాయి. నూలు తీయుటకు, నేయుటకు, రంగు వేయుటకు మిల్లులు బొగ్గును, కరెంటును ఖర్చు చేస్తాయి. అంటే మనలను వాన నుండి కాపాడే కోటుకు కూడ ఆ వానను పెంచే పొగలో భాగమున్నది.

2011 నవంబరు 25న అమెరికాలోని పటగోనియా కంపెనీ న్యూయార్క్ టైమ్స్ పత్రికలో తన కోటు బొమ్మనే వేసి, దీనిని కొనవద్దని ప్రకటించింది. అందులో 60 శాతము పాత సరుకును కరిగించి తీసిన పాలిస్టరే. అయినను దానికి 135 లీటర్ల నీరు పట్టినదని, కోటు బరువుకు 24 రెట్ల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసినదని తానే ఒప్పుకొన్నది. తరువాత దాని అమ్మకాలు తగ్గలేదు, పెరిగాయి. 2022 సెప్టెంబరులో దాని యజమాని కుటుంబము యాజమాన్యమును వదులుకొని, వ్యాపారమునకు పోగా మిగిలిన లాభము భూమి రక్షణకు చెందునట్లు ఏర్పాటు చేసింది. ఇది మెచ్చుకొనదగినదే. కాని లాభమును దానము చేయుట వేరు, తక్కువ సరుకు తయారుచేయుట వేరు. లాభము ఎవరికి పోయినను, కుట్టిన ప్రతి కోటుకు పొగ లేచే తీరుతుంది.

అయితే కోట్లు తగ్గితే పనివాని గతి ఏమి? ఈ ప్రశ్న మనము పుస్తకములో చదివినది కాదు. 1982 జనవరి 18న ఈ నగరములో మిల్లుల సమ్మె మొదలైనప్పుడు సుమారు 2,50,000 మంది పని ఆపారు. తరువాత అనేకులకు ఆ పని తిరిగి దొరకలేదు. వారిలో తెలంగాణ నుండి వచ్చిన పద్మశాలి కుటుంబములవారు ఎందరో ఉన్నారు. మగ్గము ఆగిన ఇంట పొయ్యి వెలగదు. కావున భూమి పేరు చెప్పి ఆర్డర్లు తగ్గించి, ఆ భారమును నేసేవారిమీద, కుట్టేవారిమీద మోపే కంపెనీ న్యాయము చేసినట్లు కాదు.

మరి న్యాయమేది? మొదటిది, ఎక్కువ కాలము మన్నే బట్ట ఇవ్వవలెను. ఒకే కోటు రెండింతల కాలము తొడిగితే ఏటికి పడే పొగ సగమగును. రెండవది, జిప్పు పోయినంత మాత్రాన పారవేయకుండ బాగుచేసి ఇవ్వవలెను. అందుకు పటగోనియా అమెరికాలోని రీనోలో పెద్ద మరమ్మతు కేంద్రమును నడుపుచున్నది. కాని అక్కడి దర్జీకి దొరికిన పని ఇక్కడి మిల్లు కూలి కడుపు నింపదు. గనుక మూడవది, తక్కువ సరుకుతోనే కార్మికుని ఇల్లు గడిచేటట్లు ధర చెల్లించవలెను. బొగ్గు బాయిలర్లు మార్చే ఖర్చులోను కంపెనీలు పాలు పంచుకొనవలెను.

ఇంకొక మాట. మన్నికైన కోటు డబ్బున్నవానికే దొరికితే ప్రయోజనమేమి? తాపీ పనివాడు చౌక రెయిన్‌కోటు కొంటాడు, అది వానాకాలము గడవకముందే చంక దగ్గర చిరుగుతుంది, మరుసటి ఏడు మరల కొంటాడు. కొన్నేండ్లకు మంచి కోటు ధర అతడు చెల్లించియే యుంటాడు, కాని మంచి కోటు మాత్రము అతని చేతికి రాదు.

మేమేమి చేయవలెనని జనులు అడిగినప్పుడు బాప్తిస్మమిచ్చు యోహాను రెండు అంగీలు గలవాని సంగతి ఎత్తాడు (లూకా 3:11). దానిని మనము దానధర్మపు మాటగానే వింటూ వచ్చాము. ఆ రెండవ అంగీ అసలు ఎందుకు కొన్నామని కూడ ఇప్పుడు అడుగవలసియున్నది. కంపెనీలు అడుగక ముందే మనము అడుగుదము. వచ్చే వానలకు ముందు పెట్టె తెరచి చూచి, చిరిగినది గల్లీలోని దర్జీకి, వాడనిది పనికి పోయే పొరుగువానికి ఇచ్చెదము.