త్రుప్పును రంగును

పాతవస్తువును బాగుచేయుట యనగా దాని రూపమును నిలుపుటయా, ప్రయోజనమును నిలుపుటయా? నెల్లూరి సముద్రతీరమునందలి పాత మోటారుకారు యొక్క ఇనుప పెట్రోలు ట్యాంకు ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పునని మా యభిప్రాయము.

మైపాడు, కృష్ణపట్నము ప్రాంతముల గాలిలో ఉప్పు గలదు. ఉప్పు చెమ్మను పట్టి నిలుపును. ఇనుము త్వరగా త్రుప్పుపట్టును. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారును ప్రేమతో దాచుకొన్న యజమాని పైరేకులకు ఏటేట రంగు వేయించును. కాని సగము ఖాళీయైన ట్యాంకులోని గాలి రాత్రి చల్లబడగా అందలి తేమ నీరై గోడలవెంట దిగును. నీరు పెట్రోలుకన్న బరువు గనుక అడుగున చేరును. కన్నులకు కానరాని ఆ చోటనే త్రుప్పు ఆరంభమగును.

బాగుచేయువాడు మొదట పెట్రోలు ఆవిరిని పూర్తిగా పోగొట్టవలెను. లేనిచో నిప్పు సోకిన ఖాళీ ట్యాంకు పేలును. పిదప ఆమ్లద్రవము పోసి, చిన్న గొలుసు వేసి కదిలించి త్రుప్పును వదల్చును. ఇత్తడిబిందెకు చింతపండు చేయు పనియే యిది. అంతవరకు కారని ట్యాంకు అప్పుడొక్కొకపరి కారనారంభించును. రంధ్రము క్రొత్తది కాదు. త్రుప్పే దానిని మూసియుండెను. అయినను తోమినవానినే నిందించువారుందురు.

మన గృహములందు వరకట్నము ఇట్టి త్రుప్పు. 1961 నాటి నిషేధచట్టము పిదప అనేకులు దానికి కానుక యను రంగు పూసిరి. దానిని తీసివేయుద మనినచో, "ఆడపిల్లకు పుట్టింటినుండి దక్కునదేమి?" అని పెద్దలడుగుదురు. ఈ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. ఆస్తిలో కుమార్తెకు భాగము లేకుండుటయే రంధ్రము. కట్నము దానిని కప్పినదే గాని పూడ్చలేదు. హిందూ వారసత్వ చట్టమునకు ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించిన సవరణ అప్పటికి వివాహము కాని కుమార్తెలకును, 2005 నాటి సవరణ దేశమంతటి కుమార్తెలకును ఉమ్మడి యాస్తిలో సమానభాగము నిచ్చినవి. అయినను తోబుట్టువులకై హక్కు వదలుకొన్నట్లు సంతకము చేయుటయే మంచి కూతురి లక్షణమని నేటికిని పలువురు తలంచుచున్నారు.

తోమిన యినుమును వట్టిగా విడిచినచో, సముద్రపుగాలికి మరల త్రుప్పుపట్టును. రంధ్రమును అతికి, లోపల వెంటనే నూనె పట్టించినపుడే పని ముగియును. అట్లే కట్నము మానితిమని చెప్పుకొనుట సగము పని. కుమార్తె భాగమును ఆమె యడుగకమున్నే వ్రాసియిచ్చుట తక్కిన సగము. చదువరులారా, మన యిండ్లలో తోముటకు వెనుదీయువారు కొందరు, తోమి విడిచిపెట్టువారు కొందరు. పని ముగించువారు మనయందెందరో ఎవరికి వారే యెంచుకొనవలెను.