అమెరికా నవల: 'మేము', 'మనము'

ఒక జాతి తన్నుగూర్చి చెప్పుకొను కథ గౌరవకరముగా నుండవలెనా, సత్యముగా నుండవలెనా? ఈ రెండును పొసగని వేళ రచయిత యే పక్షమున నిలువవలెను? అమెరికా నవలాచరిత్రము దీనికి సమాధానము చెప్పుచున్నదని మేము తలంచుచున్నాము.

1787లో రచింపబడిన యా దేశపు రాజ్యాంగము ప్రజలందఱి పేర మాటలాడుచు నారంభమగును. ఆంగ్లమున 'మేము', 'మనము' అను భేదము లేదు. తెలుగు మాత్రము వినువానిని గలుపుకొన్నచో 'మన'మనియు, వెలిగా నుంచినచో 'మే'మనియు స్పష్టముగా విడదీయును. ప్రతినిధుల సంఖ్యను నిర్ణయించుటలో నా రాజ్యాంగమే యైదుగురు బానిసలను మువ్వురుగా లెక్కించినది. కావున నది 'మనము' కాదు, 'మేము' మాత్రమే.

బానిసత్వము 1865లో రద్దయ్యెను. మూడేండ్లకు డిఫారెస్టు అను రచయిత, దేశమంతటిని చిత్రించిన మహానవల యింకను పుట్టలేదనియు, 1852లో హారియెట్ స్టోవ్ ప్రకటించిన 'అంకుల్ టామ్స్ కాబిన్' దానికి మిక్కిలి చేరువకు వచ్చినదనియు వ్రాసెను. చేరువకు వచ్చినది దేశస్తుతి కాదు. దేశపాపమును జూపిన గ్రంథము. అయినను జాలి సమత్వము కాదు. నల్లజాతి రచయితయైన జేమ్స్ బాల్డ్విన్ 1949లో నా నవలను తీవ్రముగా ఖండించెను.

మార్క్ ట్వైన్ 'హకల్‌బెరీ ఫిన్'లో జాలికి బదులు స్నేహమును నిలిపెను. పాఱిపోవు బానిసయగు జిమ్మును పట్టియియ్యకున్న నరకము తప్పదని నమ్మియు, బాలుడైన హక్ అతనిని విడువలేదు. సంఘము నేర్పిన నీతియే యధర్మము కావచ్చునని యింతకన్న సులభముగా నెవరు చెప్పగలరు? 1885లో కాంకర్డు పట్టణ గ్రంథాలయము ఆ పుస్తకమును బహిష్కరించినది. అందును కథ చెప్పువాడు తెల్లబాలుడే, జిమ్ము కాడు. 1952లో రాల్ఫ్ ఎలిసన్ వ్రాసిన 'ఇన్విజిబుల్ మాన్'లో, తన్ను జూడ నిరాకరించిన సంఘమును గూర్చి పేరులేని నల్లజాతివాడే స్వయముగా మాటలాడెను.

ఇంటిగుట్టును రచ్చకెక్కించుట దేశభక్తియా యని కొంద ఱడుగుదురు. ఆ యింటిలోనే పుట్టి, యా గుట్టువలన బాధపడినవానికి మాటలాడు హక్కు లేదా? వానిని మౌనముగా నుండుమనుట యింటి గౌరవమును గాపాడుట కాదు. వాని నింటివానిగా నంగీకరింపకుండుటయే. జాతిని స్తుతించు నవలలు ప్రతిదేశమునను గలవు. వెలిగా నుంచబడినవాని నోట 'మనము' అను మాట పలుకుటకు జోటిచ్చిన నవలయే జాతీయమైన నవల యని మా యభిప్రాయము.