ఎవరి చేతులు, ఎవరి ఫోటో?

ఆ ఫోటోలో మొహం లేదు. రెండు అరచేతులే. జీడిపిక్కల రసం అంటుకుని నల్లబడి, పొరలుగా ఊడిన చర్మం. మణికట్టు మీద చిన్న పచ్చబొట్టు. గుర్తుపట్టడానికి అది చాలింది.

మాది నౌపడ. నేను టీచర్ని. మా పక్కింటి అప్ప పలాస వైపు ఒక జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. చేతికి తొడుగులివ్వలేదని ఆ ఫోటో తీసి తోటి కూలీలిద్దరికీ, నాకూ వాట్సాప్‌లో పంపింది. నేను చలించిపోయి ఒక గ్రూపులో పెట్టాను. అక్కణ్ణుంచి ఫేస్‌బుక్‌కి, ఫేస్‌బుక్ నుంచి యజమాని ఫోన్‌కి చేరడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. రేపట్నుంచి రానక్కర్లేదన్న మాట మేస్త్రీ పనివాళ్ల గ్రూపులోనే పెట్టాడు.

ఊళ్లో అందరూ అడిగింది ఒక్కటే, ఆడదానికి ఫోన్లో ఫోటోలెందుకని. తొడుగులెందుకివ్వలేదని ఎవరూ అడగలేదు. అప్ప ఆ ఇద్దరు స్నేహితురాళ్లతో మాట మానేసింది. నన్ననుమానించలేదు. "నా సేతులు నాయే గదేటి సెల్లీ, బొమ్మ అందరిదీ ఎలగైపోనాది?" అని నన్నే అడిగింది.

మొదట నాకు సులువైన జవాబు దొరికింది: తప్పు కంపెనీది. 2016 నుంచి వాట్సాప్ సందేశాలు తాళం వేసుకునే ప్రయాణిస్తున్నాయి. అందుకున్న మనిషి చేతికి మాత్రం తాళం లేదు. ఇంకొకరికి పంపడానికి బాణం గుర్తుంది. "ఆమెనడిగావా?" అనే గుర్తు లేదు.

ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చు కదా అంటారు. రేపు పనుందో లేదో గ్రూపులోనే తెలిసే మనిషి ఎలా మానేస్తుంది? ఫేస్‌బుక్ 2012లో ఇన్‌స్టాగ్రామ్‌ని, 2014లో వాట్సాప్‌ని కొనేసింది. ఒకటి మాని ఇంకోదానికి వెళ్లినా యజమాని మెటాయే. 2021లో వాట్సాప్ కొత్త షరతులు పెడితే అప్పా ఒప్పుకుంది, నేనూ ఒప్పుకున్నాను. ఇద్దరం చదవలేదు. ఒప్పుకోక తప్పని స్థితి కల్పించి ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేశారని 2024 నవంబరులో కాంపిటీషన్ కమిషన్ మెటాకి 213 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఇలాంటి ఒప్పుకోలు ఆడవాళ్లకి కొత్త కాదు. పెళ్లిలోనూ కూలిలోనూ, వేరే దారి లేని చోట, మన మౌనాన్నే అంగీకారమన్నారు.

మా ఊరి ఉప్పు మడుల కథా ఇదే. తెల్లవాళ్ల కాలంలో ఉప్పు మీద గుత్త హక్కు సర్కారుది. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి సొంతంగా ఉప్పు చేసుకుంటే నేరం. చెమట ఒకరిది, పంట ఇంకొకరిది.

అయినా కంపెనీని తిట్టి నేను తప్పించుకోలేను. బాణం గుర్తు నొక్కిన వేలు నాది. నాది నెల జీతం, ఆమెది రోజు కూలి. ఆ ఫోటో పెట్టినందుకు నాకు మెచ్చుకోళ్లొచ్చాయి, ఆమెకి పని పోయింది. నేను సంఘీభావమనుకున్న దానిలో ధైర్యం పేరు నాకు, ప్రమాదం ఆమెకు దక్కాయి. నా మౌనం వల్ల ఏ తప్పూ చెయ్యని ఇద్దరు దోషులయ్యారు.

చివరికి చెప్పేశాను, పంపింది నేనేనని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అడిగుంటే పచ్చబొట్టు మీద సెంగు కప్పి తీద్దును గదే" అంది.

అంటే బయటపెట్టడం ఆమెకి ఇష్టమే. ఎలా, ఎంత, ఎవరి ముందు అన్నది తేల్చుకునే హక్కుని నేను లాగేసుకున్నాను. పెద్ద కంపెనీలు కోట్ల మందికి చేసేదాన్నే ఒక్క మనిషికి ప్రేమతో చేశాను.

ఇప్పుడామె ఇంకో ఫ్యాక్టరీలో పనికెళ్తోంది. అక్కడా గ్రూపుంది, తొడుగులు లేవు. ఈసారి అర్జీ రాస్తున్నాం. మొదటి సంతకం నాది. ఆమె పేరుండాలో వద్దో ఆమే చెప్తుంది.